మిల్లు మూడేండ్లు, కాలేజీ మూడేండ్లు: పోషణ చదువు గురించి

మే నెలలో ప్లస్ టూ ఫలితాలు వచ్చేసరికి మన వీధుల్లో రెండు మాటలు ఒకేసారి తిరుగుతాయి. ఒకటి మార్కుల మాట. రెండోది మిల్లుకు ఆడపిల్లలను తీసుకుపోయే ఏజెంటు మాట. "మూడేండ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే చాలు, కడపట ఒక మొత్తం చేతికొస్తుంది, పెండ్లికి అక్కరకొస్తుంది" అంటాడు. ధర్మపురి జిల్లా నుంచి కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్ పక్క నూలు మిల్లులకు మన పిల్లలు పోవడం కొత్త కాదు. ఆ ఏర్పాటుకు 'సుమంగళి' అని మంచి పేరే పెట్టినారు. మిల్లు కూలి మన ఇండ్లలో పొయ్యి వెలిగించింది, దాన్ని తక్కువ చేసే మాట ఇక్కడ రాదు. అయితే ఒక లెక్క మాత్రం చూసుకోవాల. ఆ ఒప్పందమూ మూడేండ్లే, బీఎస్సీ డిగ్రీ కూడా మూడేండ్లే.

ఇప్పుడు ఏ. పళ్లిపట్టి, పాప్పిరెడ్డిపట్టి, అరూరు పక్క పిల్లలు ఎక్కువగా అడిగే చదువు ఒకటుంది. ఫోను తెరిస్తే 'హోలిస్టిక్ న్యూట్రిషన్' అని ప్రకటన కనబడుతుంది. ఇంట్లోనే కూర్చొని ఆరు నెలల్లో సర్టిఫికెట్టు తీసుకోవచ్చు అంటారు. అదీ, కాలేజీలో చదివే బీఎస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్సూ ఒకటేనా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇదే. జవాబు ముందే చెప్పేస్తాను. రెండూ ఒకటి కాదు. ఎందుకు కాదో, డిగ్రీ చదివితే ఏమొస్తుందో, చేరేముందు ఏమేం అడగాలో ఈ నెల చూద్దాం.

'హోలిస్టిక్' అంటే ఏంది?

ఈ మాటకు మన భాషలో దగ్గరగా ఉండేది 'సంపూర్ణం'. కంచంలో ఉండే తిండినే కాకుండా, తినే మనిషి మొత్తం బతుకును చూసి పోషణ చెప్పడం. ఆలోచన మంచిదే. కానీ ఈ పేరు మీద కొందరు పచ్చి రసాలు, ఖరీదైన పొడులు, 'విషాలు బయటికి పంపే' నీళ్లు అమ్ముతారు. మొత్తం మనిషిని చూడడమంటే అది కాదు. మన జిల్లా నుంచే ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక ఇంట్లో అవ్వకు నడుము బిగుసుకుపోయింది, మోకాళ్లు వంగవు. చిన్న కోర్సు చదివినోళ్లు "కాల్షియం తక్కువమ్మా, ఈ పొడి పాలల్లో కలుపుకో" అని వెళ్లిపోతారు. సరిగ్గా చదివిన పిల్ల ముందు ఒక ప్రశ్న అడుగుతుంది: "అవ్వా, చిన్నప్పటి నుంచి ఏ బోరు నీళ్లు తాగినావు?" ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చానా ఊర్లలో భూమిలోని నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఏండ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పండ్లకు మచ్చలు పడతాయి, ఎముకలు, కీళ్లు బిరుసెక్కుతాయి. అందుకే హొగేనకల్ దగ్గర కావేరి నీళ్లు తెచ్చి రెండు జిల్లాలకు ఇచ్చే పథకం జపాన్ అప్పు సాయంతో కట్టి, 2013లో మొదలుపెట్టినారు. ఆ పథకం పేరులోనే 'ఫ్లోరోసిస్ తగ్గించడం' అనే మాట ఉంది. 

తెలంగాణలో నల్లగొండ జిల్లాదీ ఇదే కష్టం. 1970ల్లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు అక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం చూసి పరిశోధన చేసినారు. తిండిలో కాల్షియం తక్కువైనోళ్లకు ఫ్లోరైడు ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇంకో సంగతి: నీళ్లు కాచితే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి అవ్వకు కావాల్సింది మంచి నీళ్లు, కాల్షియం ఉండే తిండి, దాంతోపాటు డాక్టరు పరీక్ష. మూడూ కలిపి చూడగలిగితేనే అది సంపూర్ణ పోషణ.

కాల్షియం మాటకొస్తే మన రాగుల కథ కూడా చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలో నూరు గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం చూపించినారు. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు కూడా లేదు. సంగటి, అంబలి తిని పెరిగిన తాతల కాలం పోయి రేషను బియ్యం కాలం వచ్చింది. 2023లో తమిళనాడు సర్కారు నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషను అంగట్లో 2 కిలోల బియ్యం బదులు 2 కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిని చానా ఇండ్లలో 'బీదోళ్ల కూడు' అని పక్కన పెడతారు. రాగుల్లో ఏముందో పుస్తకంలో చదివి, సంగటి కెలికే చేతితోనే చెప్పగల మనిషి మన మధ్య ఉంటే ఆ మూట అట్లా పడి ఉండదు.

కూనూరు నుంచి హైదరాబాదు దాకా

పోషణ శాస్త్రం మన దేశంలో పుట్టింది మన పక్కనే. 1918లో నీలగిరి జిల్లా కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న విభాగం మొదలుపెట్టినాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 

ఆ బెరిబెరి కథలో తెలుగోళ్లూ ఉన్నారు, తమిళోళ్లూ ఉన్నారు. అప్పటి మద్రాసు రాజధానిలో ఈ జబ్బు ఎక్కువగా ఉండింది ఉత్తర సర్కారుల్లో, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో. అక్కడ మిల్లులో తెల్లగా పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లు. తవుడుతో పాటు బీ1 విటమిను పోయేది. తమిళ పక్క వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి పట్టించే అలవాటు. ఉడికేటప్పుడు ఆ విటమిను పైపొర నుంచి గింజలోకి దిగుతుంది, కాబట్టి వాళ్లకు ఆ జబ్బు తక్కువ. ఉడికిన బియ్యమా, పచ్చి బియ్యమా అనే చిన్న తేడాలోనే ప్రాణం ఉండింది.

ఇంకొక పేరు మన పిల్లలకు చెప్పి తీరాల. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయినారు. తర్వాత ఆయన అమెరికా పోయి, లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసి చూపించింది. ఇస్కూల్లో వారానికొకసారి ఆడపిల్లలకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. చేదని కిటికీలో నుంచి పారేసే మాత్ర వెనుక ఒక తెలుగు ఇంటి దుఃఖం ఉందని పిల్లలకు చెప్పండి.

మిల్లు పిల్లకు రక్తం ఎందుకు తక్కువ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో నూటికి 53 మందికి రక్తహీనత ఉంది. మన ఇండ్లలో దీన్ని 'నీరసం' అని వదిలేస్తాం. మగోళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాల్సి ఉంటే ఆడోళ్లకు 29 కావాల అని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క. మన ఇండ్లలో కడపట తినేది ఎవరు? గిన్నె అడుగున మిగిలింది తినేది ఎవరు? ఆ లెక్క మీకే తెలుసు.

ఇప్పుడు నూలు మిల్లులో పనిచేసే ఒక పిల్లను అనుకోండి. రాత్రి షిఫ్టు దిగి వస్తుంది. ఆకలి చచ్చిపోయి ఉంటుంది. రెండు బిస్కెట్లు, ఒక టీ తాగి పడుకుంటుంది. లేచి అన్నం, సాంబారు తిన్న వెంటనే మళ్లీ టీ. టీలో ఉండే వగరు పదార్థం తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. తిండికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట టీ, కాఫీ వద్దని 2024లో వచ్చిన జాతీయ ఆహార సూచనల్లోనూ రాసినారు. లోపల వేడి, ఉక్కపోత. అయినా బాత్రూముకు మాటిమాటికీ పంపరని నీళ్లు తాగడం తగ్గిస్తుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. నెలసరిలో ఎక్కువ రక్తం పోతుందేమో, కడుపులో నులిపురుగులున్నాయేమో ఎవరూ అడగరు.

ఈ పిల్లకు "బీట్‌రూట్ రసం తాగు" అంటే సరిపోతుందా? చదువుకున్న మనిషి ఏం చేస్తుందంటే, ముందు రక్తపరీక్షకు పంపుతుంది. మాత్ర అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతుంది. తర్వాత టీ వేళ మారుస్తుంది. మునగాకు, తోటకూర, ఉలవలు, నూగులు మన ధరకు దొరికేవి చెబుతుంది. వాటి పక్కన నిమ్మకాయో ఉసిరికాయో పెట్టమంటుంది, ఎందుకంటే పులుపులోని సీ విటమిను ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. షిఫ్టుకు పోయేముందు ఏం తినాల, దిగినాక ఏం తినాల అని ఆ పిల్ల గడియారం చూసి చెబుతుంది.

తిండితో కానిదేదో తెలియడం కూడా ఈ చదువులో ఒక భాగం. దూదిదుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు కషాయాలు మందు కాదు. దుమ్ము తగ్గించే ఏర్పాటు, మూతికి సరైన మాస్కు, డాక్టరు పరీక్ష కావాల. "అన్నీ తిండితోనే నయం చేస్తాను" అనేవాళ్లను నమ్మొద్దు. షుగరు మాత్రలు ఆపమనే వాళ్లనైతే గడప కూడా తొక్కనీయొద్దు.

మూడేండ్లలో ఏం చదువుతారు?

కాలేజీకీ కాలేజీకీ కొంచెం మారుతుందిగానీ, బీఎస్సీ న్యూట్రిషన్‌లో గట్టిగా ఉండేవి ఇవి. మనిషి శరీరం ఎట్లా పనిచేస్తుంది, తిండిలో ఏముంది, ఒంట్లోకి పోయినాక ఏమవుతుంది అనే జీవరసాయనం. తిండిని చెడగొట్టే క్రిములు. కడుపుతో ఉన్న తల్లి నుంచి ముసలితనం దాకా ఏ వయసుకు ఎంత కావాల. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులకు పథ్యం. ఊరి పోషణ, అంటే అంగన్‌వాడీ, సత్తుణవు లాంటి పథకాల పని. నూరు మందికి ఒకేసారి వండి పెట్టే వంటశాల నిర్వహణ. వంట ల్యాబు, రసాయనం ల్యాబు ఉంటాయి. చివర్లో ఆసుపత్రిలో శిక్షణ ఉంటుంది.

ప్లస్ టూలో కెమిస్ట్రీ, బయాలజీ చదివినోళ్లకు దారి సులభం. హోం సైన్సు, న్యూట్రిషన్ గ్రూపు చదివినోళ్లను కూడా చానా కాలేజీలు తీసుకుంటాయి. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. తమిళ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు మొదటి ఆరు నెలలు కష్టమే. ఆ భయంతో మానుకోవద్దు. ఊర్లో అవ్వతో తెలుగులో, అంగన్‌వాడీలో తమిళంలో, ఆసుపత్రిలో ఇంగ్లీషులో మాట్లాడగలిగే మనిషి ఈ పనికి చానా అవసరం.

మన జిల్లా కాలేజీలు సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. అది 1997లో మొదలైంది. ఏ. పళ్లిపట్టి అరూరు-సేలం రోడ్డు మీదే ఉంది కాబట్టి సేలం పక్క కాలేజీలు కూడా విచారించండి. ఇంకొంచెం దూరం పోగలిగితే కోయంబత్తూరులో 1957లో ఆడపిల్లల కోసమే మొదలైన అవినాశిలింగం సంస్థ ఉంది. ఈ చదువుకు దేశమంతా పేరున్న చోటు. దాన్ని చానా ఏండ్లు నడిపిన రాజమ్మాళ్ దేవదాస్ 1919లో తిరువణ్ణామలై పక్క చెంగంలో పుట్టింది. అమెరికాలో పోషణ చదివి వచ్చి, 1992లో పద్మశ్రీ అందుకుంది. చెంగం మనకు ఎంత దూరమో మీకు తెలుసు.

చేరేముందు అడగాల్సినవి

ఒకటి. ఈ డిగ్రీ ఇచ్చేది యూజీసీ గుర్తించిన విశ్వవిద్యాలయమేనా? సర్టిఫికెట్టు మీద ఎవరి పేరు ఉంటుంది? 'అంతర్జాతీయ అకాడమీ' అని ఉంటే సరిపోదు.

రెండు. ఇది రోజూ కాలేజీకి పోయి చదివేదేనా? ఇది ముఖ్యం. మిల్లులో పని చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ కట్టడం మన పిల్లలకు అలవాటు. కానీ 2025 విద్యా సంవత్సరం నుంచి ఆహారం, పోషణ, డైటెటిక్స్ చదువులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆపేసింది. ఇప్పుడు ఎవరన్నా "పోస్టులో చదవచ్చు, డబ్బు కట్టండి" అంటే కట్టొద్దు.

మూడు. మొత్తం ఎన్ని గంటల చదువు, ఎన్ని నెలల ఆసుపత్రి శిక్షణ? 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా ఉన్నారు. ఆరోగ్య వృత్తి నిపుణులుగా లెక్కించాలంటే డిగ్రీ కనీసం 3,600 గంటలు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. మీరు చేరే కోర్సు ఆ లెక్కకు వస్తుందా అని ప్రిన్సిపాల్‌నే అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, డబ్బు కట్టేది మనం.

నాలుగు. ఫీజుతో పాటు బస్సు, హాస్టలు, ల్యాబు, రికార్డు నోట్సు, తెల్లకోటు అన్నీ కలిపి మూడేండ్లకు ఎంత? కాగితం మీద రాయించుకోండి. ఈ గ్రూపు అన్ని ప్రభుత్వ కాలేజీల్లో ఉండదు, ప్రైవేటులోనే ఎక్కువ. అందుకే ముందు ప్రభుత్వ కాలేజీల జాబితా చూసి, తర్వాతే ప్రైవేటు గడప ఎక్కండి.

డబ్బు విషయంలో ఒక ఆదరువు ఉంది. 6 నుంచి 12వ తరగతి దాకా ప్రభుత్వ ఇస్కూల్లో చదివిన ఆడపిల్ల కాలేజీలో చేరితే, 2022 సెప్టెంబరులో మొదలైన పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలోనే పడుతుంది. తర్వాత దాన్ని ప్రభుత్వ సాయం పొందే ఇస్కూళ్లలో తమిళ మీడియం చదివినోళ్లకు కూడా ఇచ్చినారు. టౌను బస్సుల్లో ఆడోళ్లకు టికెట్టు లేదు, దూరం పోయే బస్సులకు ఉంది. ఆ వెయ్యి అక్కడ అక్కరకొస్తుంది.

ప్రకృతి వైద్యం మీదే మనసున్న పిల్లలకు ఇంకో దారి ఉంది. బీఎన్‌వైఎస్ అనే యోగా, ప్రకృతి వైద్య డిగ్రీ. శిక్షణతో కలిపి ఐదున్నర ఏండ్లు. చెన్నై అరుంబాక్కంలో ప్రభుత్వ కాలేజీ ఉంది. తమిళనాడులో దీనికి ప్లస్ టూ మార్కులతో సీటు ఇస్తున్నారు. 'హోలిస్టిక్' అనే మాట నచ్చినోళ్లు ఆరు నెలల సర్టిఫికెట్టుకు ముందు దీన్ని చూడండి.

చదివితే పని దొరుకుతుందా?

ఉన్నది ఉన్నట్టు చెప్పాల. మూడేండ్ల బీఎస్సీతోనే పెద్ద ఆసుపత్రిలో డైటీషియన్ కుర్చీ రాదు. దానికి ఎమ్మెస్సీ గానీ పీజీ డిప్లొమా గానీ చదివి, ఆసుపత్రి శిక్షణ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి 'రిజిస్టర్డ్ డైటీషియన్' అయితే విలువ. బీఎస్సీతో ఆసుపత్రి పథ్యం విభాగంలో సహాయకులుగా, హాస్టళ్ల వంటశాలల్లో, స్వచ్ఛంద సంస్థల్లో చేరవచ్చు. మొదట్లో జీతం మిల్లు కూలికంటే గొప్పగా ఏమీ ఉండదు. తేడా ఎక్కడంటే, మిల్లులో పదేండ్ల తర్వాత ఒళ్లు అరుగుతుంది, ఇక్కడ పదేండ్ల తర్వాత అనుభవం పెరుగుతుంది. ఐసీడీఎస్ శిశు అభివృద్ధి పథకం అధికారి పోస్టుకు టీఎన్‌పీఎస్సీ అడిగే డిగ్రీల్లో పోషణ కూడా ఉంటుంది. ఆ పరీక్షకు తయారవ్వొచ్చు.

ఇంకొక చోటు మన కళ్ల ముందే ఉంది, దాన్ని ఎవరూ ఉద్యోగమని అనుకోరు. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టాలని, దాని కమిటీలో పనివాళ్ల తరఫున మనుషులు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసినారు. ఇన్నేండ్లుగా ఆ క్యాంటీన్లలో, మిల్లు హాస్టళ్లలో మన పిల్లలకు ఏం వడ్డించాలో లెక్క చూసింది ఎక్కువగా కాంట్రాక్టరు. పప్పు ఎంత, ఆకుకూర వారానికి ఎన్నిసార్లు, రాత్రి షిఫ్టుకు ఏం పెట్టాల, టీ ఏ వేళకు ఇవ్వాల అని కాగితం మీద రాసి, "ఇది ఇంత ఉండాల, ఎందుకంటే ఇది" అని మేనేజరు ఎదుట నిలబడి చెప్పగల మనిషి కావాల. రాత్రి షిఫ్టు దిగినోళ్ల ఆకలి ఎట్లా ఉంటుందో బయట ఊరి నుంచి వచ్చినోళ్లకు నేర్పించాల. మన ఇంటి పిల్లకు అది పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమెకు తక్కువైంది శాస్త్రం ఒకటే, దాన్ని కాలేజీ ఇస్తుంది.

కాబట్టి ఏజెంటు ముందు బయానా తెచ్చినా, సర్టిఫికెట్టు ప్రకటన ముందు కనబడినా, సంతకం పెట్టే ముందు ఒక వారం గడువు అడగండి. ఆ వారంలో మార్కుల షీటు తీసుకొని పిల్లతో పాటు రెండు కాలేజీలకు పోయి రండి. ల్యాబు చూడండి, పైన రాసిన నాలుగు ప్రశ్నలు అడగండి. నిర్ణయం మీదే, మీ పిల్లదే. కానీ ఆ మూడేండ్లు దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాల.